మూరెడు బెంచీ, లక్ష మంది

(మిషిగన్‌లో ఒక తెలుగు సంఘం వారాంతపు సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. అమెరికన్ ఫుట్‌బాల్ అనగానే ముందు వరసలో పెద్దవాళ్లు కాఫీ టేబుల్ వైపు చూస్తున్నారు. లేవకండి, కూర్చోండి. ఆట గురించి నేనేం చెప్పబోవడం లేదు. ఆ డౌన్లూ యార్డులూ మీ మనవళ్లు నాకంటే బాగా చెబుతారు. నేను మాట్లాడేది కూర్చునే చోటు గురించి. ఒక కాలేజీ స్టేడియంలో ఎంతమంది పడతారు, రిపేర్లూ మార్పులూ చేసినప్పుడల్లా ఆ అంకె ఎందుకు పెరుగుతుంది, ఎందుకు తగ్గుతుంది, దాన్ని ఎవరు తేలుస్తారు అన్నది విషయం.

మన ఊరి దగ్గరే ఉంది కాబట్టి ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంతోనే మొదలుపెడదాం. అధికారికంగా 1,07,601 మంది పడతారు. అమెరికాలో ఇంతకంటే పెద్ద స్టేడియం లేదు. అహ్మదాబాద్‌లో నరేంద్ర మోదీ స్టేడియానికి 1,32,000 అంటారు, అది దీనికంటే పెద్దది. కానీ అక్కడ మనిషికో కుర్చీ ఉంటుంది. ఆన్ ఆర్బర్‌లో గిన్నెలా ఉన్న ఆ భాగమంతా దాదాపుగా బెంచీలే. మీలో వెళ్లినవాళ్లకు తెలుసు. పొడుగాటి అల్యూమినియం బెంచీ, దాని మీద వరసగా అంకెలు, రెండు అంకెల మధ్య ఒక గీత. టికెట్ కొంటే మీకు దక్కేది ఆ రెండు గీతల మధ్య జాగా. సెప్టెంబరులో టీషర్టుల మీద వచ్చినప్పుడు అందరూ సరిగ్గానే సరిపోతారు. నవంబరు వచ్చేసరికి ఒక్కొక్కరి ఒంటి మీదా మూడు పొరలు, పైన దుప్పటంత కోటు. అప్పుడు వరస చివరి మనిషి సగం మెట్ల మీదే. గీత అక్కడే ఉంటుంది, మనిషి మాత్రం ఉబ్బుతాడు.

ఆ గీతల మధ్య దూరం ఎంత? అమెరికాలో చాలా చోట్ల అమల్లో ఉన్న భవన నిర్మాణ కోడ్ ప్రకారం, మధ్యలో చేతులు లేని బెంచీకి 18 అంగుళాలకు ఒక మనిషి చొప్పున లెక్కగట్టాలి. 18 అంగుళాలంటే మనకు కొత్తేం కాదు, మూర. పూలమ్మి మోచేతి నుంచి వేలి కొస దాకా పెట్టి కొలిచే మూరే. పూలు కొన్న ఆడవాళ్లకు బాగా తెలుసు, మూర ఎంతన్నది పూల మీద ఉండదు, కొలిచే చెయ్యి మీద ఉంటుంది. స్టేడియం కెపాసిటీ కూడా అంతే. కొలిచేవాడు ఎవరు, ఎందుకు కొలుస్తున్నాడు అన్నదాన్ని బట్టి అదే కాంక్రీటులో అంకె మారిపోతుంది.

చిన్న లెక్క చేద్దాం, పిల్లలు కూడా చెయ్యొచ్చు. 30 అడుగుల బెంచీ తీసుకోండి, 360 అంగుళాలు. మనిషికి 16 అంగుళాలిస్తే 22 మంది. 18 ఇస్తే 20 మంది. వీపు ఆనించుకునే కుర్చీలు బిగించి 20 అంగుళాల చొప్పున ఇస్తే 18 మంది. ఒక్క బెంచీ మీద ఇద్దరూ నలుగురూ పోతే ఏమవుతుందిలే అనిపిస్తుంది. 16 అంగుళాల లెక్కన లక్ష మంది పట్టే స్టేడియంలో ఒక్క ఇటుక కూడా కదపకుండా గీతలు చెరిపి 18కి గీస్తే 89 వేలకు దిగుతుంది. 20కి గీస్తే 80 వేలు. పైగా కుర్చీలు వేస్తే మోకాళ్లకు చోటు కావాలి, అంటే వరసకూ వరసకూ మధ్య దూరం పెంచాలి. నాలుగు వరసలున్న చోట మూడే పడితే ఆ 80 వేలు కాస్తా 60 వేలు. స్టేడియం అదే, గోడలు అవే, 40 వేల మంది మాయం.

మెట్ల దారులు కూడా సీట్లు మింగుతాయి. పాత స్టేడియాల్లో ఈ దారులు సన్నగా ఉంటాయి, పట్టుకోడానికి రెయిలింగ్ ఉండదు. వాటిని వెడల్పు చేసి మధ్యలో రెయిలింగ్ పెట్టాలంటే ప్రతి వరసలోనూ చివరి సీటు పోతుంది. ఊరికే ఉదాహరణకు 90 వరసలు, 40 దారులు అనుకుందాం. దారికి ఒక్క సీటు చొప్పున పోయినా 3,600. రెయిలింగ్ వల్ల ఇన్ని సీట్లు పోయాయని పేపర్లో హెడ్డింగ్ రాదు. కానీ డెబ్బై ఏళ్ల మనిషి ఎనభయ్యో వరసకు ఎక్కి దిగాలంటే ఆ ఇనప కడ్డీ ఎంత ముఖ్యమో ఇక్కడున్న చాలామందికి నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆన్ ఆర్బర్ కథ. ఈ స్టేడియం 1927లో తెరిచారు. మొదట అనుకున్నది 72,000 సీట్లు. అప్పటి క్రీడా డైరెక్టర్ ఫీల్డింగ్ యోస్ట్‌కు అది చాలా తక్కువనిపించింది. ఎప్పటికైనా లక్ష దాటాలని ఆయన పట్టు. విశ్వవిద్యాలయం ఒప్పుకోకపోతే, కనీసం పునాదులైనా తర్వాత పెంచుకునేలా బలంగా వెయ్యమని వేయించాడు. నన్నడిగితే ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే తెలివైన పని అదే. పైన కట్టింది ఎప్పుడైనా మార్చుకోవచ్చు, కింద పోసింది మార్చలేం. ఆ ముందుచూపు లేకపోతే తర్వాత పెరిగిన ప్రతిసారీ కూల్చి కట్టాల్సి వచ్చేది.

1949లో చెక్క బెంచీలు తీసేసి ఉక్కుతో వేశారు, 97,239 అయింది. 1956లో లక్ష దాటింది, 1,01,001. ఆ చివర్లో ఒకటి చూశారా? అప్పటి నుంచి ఇప్పటిదాకా ఎన్నిసార్లు మార్చినా అంకె చివర ఒకటి ఉంటుంది. 1,01,701, 1,02,501, 1,07,501, అలా. ఆ ఒక్క సీటు ఫ్రిట్జ్ క్రిస్లర్ గౌరవార్థం. ఆయన ముందు కోచ్, తర్వాత చాలా ఏళ్లు క్రీడా డైరెక్టర్. ఏ వరసలో ఏ సీటు అంటే ఎవరూ చెప్పరు. 1998లో పైన చుట్టూరా మరికొన్ని వరసలు వేసి సరిగ్గా 5,000 పెంచారు. అంత సరిగ్గా ఐదు వేలు ఎలా వచ్చిందని అడక్కండి. గీతలు గీసే చెయ్యి వాళ్లదే కదా.

ఆ తర్వాత వచ్చింది అసలు గొడవ. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

2007 నాటికి లక్షా ఏడు వేల మంది పట్టే ఆ స్టేడియంలో చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకున్న చోట్లు వందలోపే. అవీ మైదానం రెండు చివర్లలోనే. అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం 1990లోనే వచ్చింది. కానీ పాత కట్టడాన్ని ఊరికే మరమ్మతు చేస్తే ఒక నియమం, మార్పులు చేస్తే ఇంకో నియమం. మార్పు అంటే మార్చిన మేరకు చక్రాల కుర్చీలకూ వసతి కల్పించాల్సిందే. విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి కాంక్రీటు తీసి పోస్తూ, అది మరమ్మతేనని వాదించింది. పక్షవాతం బారిన పడ్డ మాజీ సైనికుల మిషిగన్ సంఘం 2007లో కోర్టుకెక్కింది. కేంద్ర విద్యాశాఖ కూడా పరిశీలించి, ఇది మరమ్మతు కాదు, మార్పేనంది. న్యాయశాఖ కూడా కేసులో చేరింది. చివరికి 2008 మార్చిలో రాజీ కుదిరింది. 2010 సీజన్ నాటికి 329 చక్రాల కుర్చీల చోట్లు, ప్రతి దాని పక్కనా తోడు వచ్చినవాళ్లకు ఒక సీటు. అవన్నీ ఒక మూల కాకుండా స్టేడియంలో వేర్వేరు చోట్ల ఉండాలి.

ఇది సీట్ల లెక్కను ఎలా మారుస్తుందో చూడండి. చక్రాల కుర్చీకి 36 అంగుళాల వెడల్పు కావాలి, లోతు 48 అంగుళాలు కావాలి. బెంచీ లెక్కలో వెడల్పుకే రెండు సీట్లు, లోతుకు రెండు వరసలు, అంటే నాలుగు సీట్లు. అక్కడితో అయిపోదు. ముందు వరసవాళ్లు టచ్‌డౌన్ పడగానే లేచి నిలబడతారు. నిలబడ్డవాళ్ల తలల మీదుగా కూడా ఈయనకు ఆట కనపడాలని నియమం. అంటే ఆ వేదిక ఎత్తు పెంచాలి, లేదా ముందు కొన్ని వరసలు వదులుకోవాలి. లిఫ్టు నుంచో ర్యాంపు నుంచో అక్కడికి దారి కూడా కావాలి. ఇవాళ కొత్తగా కట్టే స్టేడియానికి నియమం ఇంకా కచ్చితం. మొదటి 5,000 సీట్లకు 36 చోట్లు, ఆ పైన ప్రతి 200 సీట్లకూ ఒకటి. లక్ష సీట్లకు 511 చోట్లు వస్తాయి, వేసి చూసుకోండి.

అందుకే 2008లో మిషిగన్ కెపాసిటీ 1,06,201కి తగ్గింది. పదమూడు వందల సీట్లు పోయాయని అభిమానులు కొందరు నొచ్చుకున్నారు. నాకైతే ఆ స్టేడియం చరిత్రలో న్యాయంగా తగ్గిన అంకె అదే అనిపిస్తుంది.

అదే సమయంలో పెద్ద పనులు మొదలయ్యాయి. మైదానానికి రెండు పక్కలా ఇటుక గోడలతో రెండు పెద్ద భవనాలు లేచాయి. వాటిలో ఎనభైకి పైగా లగ్జరీ సూట్లు, మూడు వేల పైచిలుకు క్లబ్ సీట్లు, కొత్త ప్రెస్ బాక్స్. ఖర్చు 22.6 కోట్ల డాలర్లు. దీన్ని వ్యతిరేకించినవాళ్లు చాలామందే. ఇన్నాళ్లూ గవర్నరైనా గుమాస్తా అయినా ఒకే బెంచీ మీద కూర్చున్నారు, ఇప్పుడు అద్దాల గదులా అని వాళ్ల బాధ. నేనిప్పటికీ ఆ మాటతో సగం ఏకీభవిస్తాను. మిగతా సగం ఎందుకు ఏకీభవించనంటే, కింద బెంచీల దగ్గర మెట్ల దారులు వెడల్పయ్యాయి, రెయిలింగులు వచ్చాయి, బాత్రూమ్‌లు పెరిగాయి. వాటికి డబ్బు ఆ గదుల నుంచే రావాలి. 2010లో అంకె 1,09,901కి చేరింది. 2015లో 1,07,601 అని సవరించారు. ఇప్పటికీ అదే.

ఇంకో చిత్రం చెప్పాలి. 2013 సెప్టెంబరులో నోటర్ డామ్ విశ్వవిద్యాలయం జట్టుతో ఆట జరిగింది. ఆ రోజు హాజరు 1,15,109 అని ప్రకటించారు. కెపాసిటీ 1,09,901 అయితే మిగతా అయిదు వేల మంది ఎక్కడ కూర్చున్నారు? కూర్చోలేదు. బ్యాండ్ మేళం, ప్రెస్ వాళ్లు, తినుబండారాలు అమ్మేవాళ్లు, పని చేసేవాళ్లు కూడా ఆ లెక్కలో ఉంటారు. అంటే రెండు అంకెలున్నాయి. ఒకటి ఎన్ని సీట్లు, రెండోది ఎంతమంది వచ్చారు. రెండోది మొదటి దాన్ని మించొచ్చు. దీనికి ఇంతకంటే మంచి సాక్ష్యం 2010 డిసెంబరులో దొరికింది. అదే స్టేడియంలో మైదానం మీద మంచు పరిచి మిషిగన్, మిషిగన్ స్టేట్ జట్లతో ఐస్ హాకీ ఆడించారు. ప్రకటించిన హాజరు 1,13,411. గిన్నిస్ వాళ్లు లెక్క తేల్చి ఒప్పుకున్నది 1,04,173. తొమ్మిది వేల తేడా! రెండూ అబద్ధాలు కావు, ఎవరి లెక్క వాళ్లది.

ఇక మిగతా ఊళ్లు. ఇవి త్వరగా చెప్పేస్తాను, ఒక్కోదానికి ఒక్కో విద్య.

మిషిగన్‌కు పాత ప్రత్యర్థి ఓహాయో స్టేట్ పేరెత్తితే ఇక్కడ కొందరికి కోపం వస్తుందని తెలుసు. అయినా ఇంజనీరింగ్ విషయంలో వాళ్లకు దండం పెట్టాలి. 1922లో కట్టిన స్టేడియాన్ని పైకి ఎంతని పెంచుతాం? అందుకని కిందికి దిగారు. 1999 నుంచి 2001 దాకా చేసిన పనుల్లో మైదానం చుట్టూ ఉన్న పరుగుల ట్రాక్ తీసేసి, మైదానాన్నే 14 అడుగులు లోతుకు తవ్వి, ఆ దిగిన చోట కొత్త వరసలు వేశారు. పక్కనే ఒలెంటాంజీ నది. నీటిమట్టం కంటే కిందికి వెళ్లారు కాబట్టి నీళ్లు ఊరకుండా భూమిలో గోడ కట్టాల్సి వచ్చింది. 19.4 కోట్ల డాలర్లు ఖర్చయింది. కెపాసిటీ 1,01,568కి వచ్చింది. మధ్యలో ఇంకాస్త పెరిగాక, 2014లో మరో రెండున్నర వేల సీట్లు కలిపి 1,04,944 చేశారు. తర్వాత సూట్లు పెంచి 1,02,780కి దించారు.

పెన్ స్టేట్‌ది ఇంకో విచిత్రం. ఆ బీవర్ స్టేడియాన్ని 1960 సీజన్‌కు ముందు ముక్కలుగా విప్పి, క్యాంపస్ ఒక చివర నుంచి ఇంకో చివరకు మోసుకొచ్చి మళ్లీ బిగించారు. అప్పుడు 46,284 మంది పట్టేవాళ్లు. 1978లో గ్యాలరీలను కోసి, హైడ్రాలిక్ జాకీలతో ఎత్తి, కింద వచ్చిన ఖాళీలో కొత్త వరసలు దూర్చారు. 60 వేలున్నది 76 వేలు దాటింది. పైన అంతస్తు వేయడం అందరికీ తెలిసిందే. ఉన్న గ్యాలరీ కిందికి అంతస్తు వేయడం మాత్రం వీళ్లకే చెల్లింది.

లూసియానా స్టేట్ కథైతే మన ప్రభుత్వాఫీసుల కథలా ఉంటుంది. 1930ల మొదట్లో విశ్వవిద్యాలయం దగ్గర హాస్టళ్లకు రెండున్నర లక్షల డాలర్లున్నాయి, స్టేడియానికి లేవు. క్రీడల అధికారి స్కిపర్ హర్డ్ వెళ్లి అధ్యక్షుడికి ఒక ఉపాయం చెప్పాడట. గదులు గ్యాలరీ కిందే కడదాం, అవి హాస్టళ్లూ అవుతాయి, వాటి పైకప్పు మీద సీట్లూ వస్తాయి అని. అలా 1931లో 12,000 కాస్తా 22,000 అయింది. పద్దు ప్రకారం కట్టింది హాస్టలే! ఇప్పటికీ ఆ విశ్వవిద్యాలయం ఉన్న బ్యాటన్ రూజ్ వెళ్తే స్టేడియం బయటి గోడకు వరసగా కిటికీలు కనపడతాయి. ఆ స్టేడియం ఇవాళ లక్షా రెండు వేలు దాటింది.

టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో మన పిల్లలు చాలామంది చదివారు. అక్కడ 2014 డిసెంబరులో పడమటి గ్యాలరీని పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేసి, తర్వాతి సీజన్ నాటికి కొత్తది నిలబెట్టారు. మొత్తం పనికి 48.5 కోట్ల డాలర్లు, కెపాసిటీ 1,02,733. ఇవన్నీ పెరిగినవాళ్ల కథలు.

తగ్గించుకున్నవాళ్లు కూడా ఉన్నారు, ఇప్పుడు గాలి అటే ఉంది. స్టాన్‌ఫర్డ్ 85,500 మంది పట్టే పాత స్టేడియాన్ని 2005 నవంబరులో ఆఖరి ఆట అయ్యీ కాగానే పడగొట్టి, 2006 సెప్టెంబరుకల్లా 50,000 సీట్లతో కొత్తది తెరిచింది. అరిజోనా స్టేట్ 71 వేల నుంచి 53 వేల చిల్లరకు దిగింది. బర్కిలీలో అయితే స్టేడియం కిందుగా, దాదాపు ఈ గోల్ నుంచి ఆ గోల్ దాకా, హేవర్డ్ భూకంప చీలిక పోతోంది. అక్కడ 32 కోట్ల డాలర్లకు పైగా పెట్టి, చీలిక దాటే చోట గ్యాలరీని ముక్కలుగా విడదీసి, భూమి కదిలినప్పుడు ఏ ముక్కకు ఆ ముక్క జరిగేలా కట్టారు. 71 వేలున్నది 63 వేలయింది. నార్త్‌వెస్టర్న్ 47 వేల స్టేడియాన్ని కూల్చి 35 వేలదే కడుతోంది. అంత పెద్ద ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న అలబామా కూడా 1,01,821 నుంచి 1,00,077కి వచ్చింది. లక్ష కిందికి మాత్రం పోనివ్వలేదు, గమనించారా? అంత జాగ్రత్తగా లక్షకు డెబ్బై ఏడు పైన ఆగడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

ఎందుకు తగ్గిస్తున్నారంటే లెక్క సులభమే. ఇంట్లో పెద్ద టీవీ, సోఫా, పక్కనే ఫ్రిజ్. అవన్నీ వదిలి చలిలో అల్యూమినియం బెంచీ మీద కూర్చోమంటే, ఎనభయ్యో వరస మూల సీటును చవగ్గా ఇచ్చినా కొనేవాడు దొరకడం కష్టమవుతోంది. అదే చోట బెంచీలు నాలుగు వరసలు పీకేసి, వీపు ఆనే కుర్చీలూ వెనక భోజనాల గదీ పెడితే, తక్కువ మందితోనే ఎక్కువ డబ్బు. పైగా మంచి సీటు కొనే హక్కు కోసం ముందు విశ్వవిద్యాలయానికి విరాళం ఇవ్వాలి. 2017 దాకా ఆ విరాళంలో 80 శాతానికి పన్ను మినహాయింపు ఉండేది. ఆ ఏడాది చివర వచ్చిన పన్ను చట్టం దాన్ని ఎత్తేసింది. అయినా సూట్ల కోసం వెయిటింగ్ లిస్టులు తగ్గలేదు. నష్టపోయేది ఎవరంటే, నలుగురు పిల్లల్ని వెంటేసుకుని ఏడాదికి ఒకసారి వచ్చి మూల సీటులో కూర్చునే కుటుంబం. రేపు ఆ మూల సీటే ఉండదు. సౌకర్యం పేరుతో జరిగే మార్పుల్లో నాకు నచ్చనిది ఇదొక్కటే. చక్రాల కుర్చీకి చోటిచ్చి తగ్గడం వేరు, గాజు గదికి చోటిచ్చి తగ్గడం వేరు. కెపాసిటీ అంకె చూస్తే రెండూ ఒకలాగే కనపడతాయి.

వెనక నుంచి ఒక అమ్మాయి చెయ్యెత్తింది. చెప్పమ్మా. మన ఆన్ ఆర్బర్ కూడా లక్ష కిందికి వస్తుందా అంటోంది. చూడు తల్లీ, 1975 నవంబరు నుంచి ఈ స్టేడియంలో ప్రేక్షకులను రానిచ్చిన ప్రతి ఫుట్‌బాల్ ఆటకూ లక్ష మందికి పైగా వచ్చారని వాళ్లు గర్వంగా ప్రకటించుకుంటారు. కరోనా ఏడాదిని అందులో కలపరు. అలాంటి రికార్డు చేతిలో పెట్టుకుని ఏ డైరెక్టరూ తన హయాంలో సీట్లు లక్ష కిందికి దించడు. నా అంచనా అది.

ఇంకొకాయన, ఇప్పుడు ఎక్కడైనా పని జరుగుతోందా, వెళ్లి చూడొచ్చా అంటున్నారు. పెన్ స్టేట్‌లో జరుగుతోందండి. 70 కోట్ల డాలర్ల పని, 2027కు పూర్తి చేయాలని ప్లాను. పడమటి పక్క గ్యాలరీని 2024 సీజన్ తర్వాత తీసేసి, మధ్యలో ఆటలకు తాత్కాలికంగా బెంచీలు వేశారు. అయ్యాక కూడా లక్ష పైనే ఉంటుందని వాళ్లు ముందే మాటిచ్చారు. ఇక్కడి నుంచి కారులో ఆరేడు గంటలు. వెళ్లేవాళ్లుంటే టేపు ఒకటి పట్టుకెళ్లి, తాత్కాలిక బెంచీ మీద ఒక గీత నుంచి ఇంకో గీతకు ఎంతుందో కొలిచి నాకు చెప్పండి.